వీ తర్వాత వీ యూ ఎందుకు అమ్ముడుపోలేదు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక తరంలో అందరూ ఎగబడి కొన్న గేమ్ కన్సోల్‌కి వారసుడు వస్తే, అది కూడా అలాగే అమ్ముడుపోతుందని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. దీనికి అంకెలతో సహా దొరికే ఉదాహరణ జపాన్ కంపెనీ నింటెండో వారి వీ (Wii) కన్సోల్‌కి వారసుడిగా వచ్చిన వీ యూ (Wii U). దాని గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకి జవాబులు ఇవి. అన్నింటి వెనుకా ఉన్న మాట ఒకటే: కొత్త కన్సోల్‌కి మొదటి పోటీ అవతలి కంపెనీ కాదు, టీవీ కింద అప్పటికే ఉన్న పాత కన్సోల్.

రెండింటి అమ్మకాల్లో అసలు తేడా ఎంత?

వీ 2006 నవంబర్ 19న అమెరికాలో విడుదలైంది. మొత్తం 10.16 కోట్ల యంత్రాలు అమ్ముడయ్యాయి. వీ యూ 2012 నవంబర్ 18న వచ్చింది, 2017 జనవరిలో తయారీ ఆగింది. మొత్తం అమ్మకం కోటీ 35 లక్షల 60 వేలు. అంటే వీ కొన్న ప్రతి ఏడెనిమిది ఇళ్లకి ఒక వీ యూ. వీ యూ రాకముందు నింటెండో టీవీ కన్సోళ్లలో బాగా తక్కువగా పోయిందని చెప్పుకునే గేమ్‌క్యూబ్ కూడా 2.17 కోట్లు అమ్ముడైంది. వీ యూ దానికన్నా కింద.

మొదటి రోజు నుంచే పోలేదా, తర్వాత పడిపోయిందా?

మొదటి ఆరు వారాలు బాగానే పోయింది. 2012 డిసెంబర్ ఆఖరుకి 30.6 లక్షలు. ఆ తర్వాత 2013 జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల్లో ప్రపంచమంతా కలిపి 3.9 లక్షలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 1.6 లక్షలు. నింటెండో ఏది తెచ్చినా కొనే అభిమానులు పండగ సీజన్‌లో కొనేశారు, వాళ్ల వెనుక వరస లేదు.

అంచనాల కథ కూడా ఇదే చెబుతుంది. 2013 మార్చితో ముగిసే ఏడాదికి కంపెనీ 55 లక్షలు అనుకుంది, మధ్యలో 40 లక్షలకి తగ్గించింది, చివరికి వచ్చింది 34.5 లక్షలు. మరుసటి ఏడాదికి 90 లక్షలు అని ప్రకటించి, 2014 జనవరిలో దాన్ని 28 లక్షలకి దించింది. అమ్మింది 27.2 లక్షలు.

వీ కొన్న పది కోట్ల మందిలో సగం మందైనా కొత్తది కొనాలి కదా?

ఈ లెక్కే తప్పు. పాత కన్సోల్ కొన్నవాళ్లు కంపెనీకి కట్టుబడి లేరు. వాళ్లు కొన్నది ఒక పని కోసం. వీతో ఆ పని చాలా స్పష్టంగా ఉండేది: చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే తెర మీద టెన్నిస్ బంతి ఎగురుతుంది, బౌలింగ్ బంతి దొర్లుతుంది. జపాన్ బయట దాదాపు అన్నిచోట్లా వీ స్పోర్ట్స్ పెట్టెలోనే వచ్చేది. అమ్మమ్మలూ తాతయ్యలూ ఆడారు, గేములంటే ఏమిటో తెలియని ఇళ్లలోకి అది వెళ్లింది. అలాంటి ఇంట్లో ఆరేళ్ల తర్వాత కూడా వీ స్పోర్ట్స్ అదే సరదా ఇస్తుంది. కొత్తది కొనడానికి వాళ్లకి కారణం కనిపించలేదు.

రెండో సంగతి, వీ యూ వచ్చేనాటికే ఆ జనం కదిలిపోయారు. వీ అమ్మకాలు ఏడాదికేడాది ఇలా జారాయి: 2009 మార్చితో ముగిసిన ఏడాదిలో 2.59 కోట్లు, తర్వాత 2.05 కోట్లు, తర్వాత 1.5 కోట్లు, 2012 మార్చికి 98.4 లక్షలు. యాపిల్ యాప్ స్టోర్ 2008 జులైలో మొదలైంది, ఐప్యాడ్ 2010 ఏప్రిల్‌లో వచ్చింది. ఖాళీ సమయంలో పది నిమిషాలు సరదాగా ఆడే అలవాటు చాలామందికి ఫోన్‌లోకి మారింది. వారసుడు పిలిచేసరికి హాల్లో మనుషులు లేరు.

అంటే పాత వీ నేరుగా వీ యూని దెబ్బ తీసిందా?

తీసింది, అదీ నింటెండో చేతుల మీదుగానే. వీ యూ విడుదలకి కొద్ది వారాల ముందు అమెరికాలో వీ ధర 129.99 డాలర్లకి తగ్గింది. వీ యూ వచ్చిన మొదటి వారంలో అమెరికాలో 4 లక్షల వీ యూలు పోతే, అదే వారం 3 లక్షల వీలు కూడా పోయాయి. పండగ కానుక కోసం దుకాణానికి వచ్చిన తల్లికి ఒకే పేరున్న రెండు పెట్టెలు కనిపించాయి, ఒకటి 130 డాలర్లు, ఇంకొకటి 300. అది చాలదన్నట్టు 2012 డిసెంబర్ 7న కెనడాలో 99.99 డాలర్లకి వీ మినీ అనే కొత్త ఎర్రటి యంత్రాన్ని కంపెనీ విడుదల చేసింది. కొత్త తరం మొదలైన మూడో వారంలో పాత తరానికి కొత్త రూపం ఇచ్చారు. స్టాక్ ఖాళీ చేయడం వేరు, కొత్త మోడల్ తేవడం వేరు. ఇది చేయకూడని పని.

పేరు పెట్టడంలో తప్పు జరిగిందంటారు. అమ్మకాలు పడిపోవడానికి పేరు ఒక్కటే చాలా?

ఒక్కటే చాలదు. కానీ మిగతా తప్పులన్నింటినీ అది పెద్దవి చేసింది.

వీకి ముందే చాలా తోక పేర్లు ఉన్నాయి: వీ ఫిట్, వీ ప్లే, వీ మోషన్ ప్లస్, వీ బ్యాలెన్స్ బోర్డ్. ఇవన్నీ పాత యంత్రానికి తగిలించుకునేవో, అందులో ఆడేవో. ఆ వరసలో వీ యూ అనే మాట వింటే మామూలు మనిషికి ఏమనిపిస్తుంది? ఇంకో ఉపకరణం అనే.

2011 జూన్ 7న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో మొదటిసారి చూపించినప్పుడు కెమెరా అంతసేపూ చేతిలోని గేమ్‌ప్యాడ్ (తెర ఉన్న కంట్రోలర్) మీదే ఉంది. టీవీ కింద ఉండే అసలు పెట్టెని సరిగ్గా చూపించనే లేదు. పైగా అది చూడటానికి వీలాగే గుండ్రటి అంచులున్న తెల్ల పెట్టె. పాత వీ రిమోట్లు, నన్‌చక్, బ్యాలెన్స్ బోర్డ్ అన్నీ దీనికి పనిచేస్తాయని గట్టిగా చెప్పారు. అది నిజంగా మంచి గుణమే, కానీ అనుమానాన్ని ఇంకా పెంచింది. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా 2013లో మదుపరులతో మాట్లాడుతూ ఈ గందరగోళాన్ని ఒప్పుకున్నారు: వీ యూ అంటే తెర ఉన్న ప్యాడ్ కలిపిన వీ మాత్రమే అని కొందరు, ఆ ప్యాడ్ పాత వీకి తగిలించుకునేదని ఇంకొందరు అనుకుంటున్నారని.

సోనీ వారి ప్లేస్టేషన్ (పీఎస్) పేర్లు చూడండి. 1, 2, 3, 4. అందులో కవిత్వం లేదు. కానీ 3 ఇంట్లో ఉన్నవాడికి 4 కొత్తదని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

గేమ్‌ప్యాడ్ ఆలోచన బాగానే ఉంది కదా?

బాగుంది, పడకపోవడానికి కారణాలు వేరు. 6.2 అంగుళాల తాకే తెర, 854 గుణించు 480 పిక్సెళ్లు, బరువు సుమారు అర కిలో. ఇంట్లో వేరేవాళ్లు టీవీ చూస్తుంటే ప్యాడ్ తెర మీద ఆట కొనసాగించొచ్చు. నలుగురు టీవీ చూస్తూ ఆడుతుంటే ఐదో మనిషికి ప్యాడ్‌లో వేరే దృశ్యం కనిపిస్తుంది. నింటెండో ల్యాండ్‌లో మారియోగా దాక్కునేవాడు ప్యాడ్ పట్టుకుంటాడు, వెంటాడేవాళ్లు టీవీ చూస్తారు. ఐదుగురు ఒక గదిలో ఉంటే దానంత నవ్వు పుట్టించే ఆట తక్కువ.

చిక్కులు ఇక్కడ వచ్చాయి:

మొదటిది, ఆ సరదా ఏమిటో చూపించడం కష్టం. వీ రిమోట్ ఊపు ఐదు సెకన్ల ప్రకటనలో అర్థమవుతుంది. ఒకరికి ఒకటి కనిపిస్తుంది, మిగతావాళ్లకి ఇంకొకటి కనిపిస్తుంది అన్నది ఆడితేగానీ తెలియదు.

రెండోది, ఒక కన్సోల్‌కి ఒకే ప్యాడ్. రెండు ప్యాడ్లు కలిపే అవకాశం గురించి కంపెనీ ముందు మాట్లాడింది, కానీ ఆ గేములు రాలేదు. నలుగురు ఆడాలంటే పాత వీ రిమోట్లు ఉండాలి, లేకపోతే విడిగా కొనాలి.

మూడోది, ఛార్జింగ్. 1500 ఎంఏహెచ్ బ్యాటరీ 3 నుంచి 5 గంటలు వచ్చేది. తర్వాత 2550 ఎంఏహెచ్ బ్యాటరీ విడిగా అమ్మారు. సిగ్నల్ సుమారు 8 మీటర్లు, అదీ మధ్యలో గోడ లేకపోతే. పక్క గదిలోకి వెళ్తే చాలా ఇళ్లలో బొమ్మ ఆగిపోయేది.

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. ఈ ప్యాడ్ లేకపోతే జరగదు అనిపించే గేమ్‌ని నింటెండోనే సమయానికి తేలేకపోయింది. విడుదల రోజు వచ్చిన న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యూ చక్కటి ఆట. కానీ ప్యాడ్ తెర మీద కనిపించేది టీవీలో ఉన్న బొమ్మే. వేలితో తాకి ఆకాశంలో మెట్లు పెట్టే పని తప్ప దానికి అందులో పాత్ర లేదు. సూపర్ మారియో మేకర్ వచ్చాకే ప్యాడ్ ఎందుకు పుట్టిందో తెలిసింది. స్టైలస్‌తో తెర మీద ఇటుకలు పేర్చి మన సొంత దశలు మనమే గీసుకోవచ్చు. అది వచ్చింది 2015 సెప్టెంబర్‌లో, అప్పటికి మూడేళ్లు గడిచిపోయాయి.

ధర ఎక్కువగా పెట్టారా?

రెండు పెట్టెలు ఉండేవి. తెల్లది, 8 జీబీ, 299.99 డాలర్లు. నల్లది, 32 జీబీ, నింటెండో ల్యాండ్ గేమ్‌తో, 349.99 డాలర్లు. జపాన్‌లో 26,250, 31,500 యెన్లు. వీ 249.99 డాలర్లకి వచ్చిందని గుర్తున్నవాళ్లకి ఇది ఎక్కువే. కానీ తగ్గించడానికి కంపెనీకి చోటు లేదు. ప్యాడ్‌లో తెర, బ్యాటరీ, వైర్‌లెస్ వీడియో భాగాలు ఉన్నాయి, అప్పట్లో యెన్ విలువ కూడా బలంగా ఉంది. యంత్రాన్ని ఖర్చుకన్నా తక్కువకే అమ్ముతున్నామని, కొన్నవాళ్లు ఒక గేమ్ కొంటే లాభంలో పడతామని కంపెనీవాళ్లే చెప్పారు.

తెల్ల పెట్టె గురించి ఒక మాట. 8 జీబీలో సగానికిపైగా సిస్టమ్ తీసుకునేది, మీకు మిగిలేది 3 జీబీ దగ్గర. పెద్ద డౌన్‌లోడ్ గేమ్ ఒక్కటి పెట్టడానికి కూడా యూఎస్‌బీ హార్డ్ డిస్క్ కావాలి (2 టీబీ దాకా తీసుకుంటుంది, పవర్‌కి వేరే వైరున్న డిస్క్ అయితే మేలు). చౌక పెట్టె కొన్నవాళ్లకి నింటెండో ల్యాండ్ కూడా రాలేదు. విడుదలనాటికి ప్యాడ్ ఎందుకో కొంతైనా చెప్పిన నింటెండో గేమ్ అదొక్కటే. దాన్ని ప్రతి పెట్టెలో వేయకపోవడం వీ స్పోర్ట్స్ నేర్పిన పాఠాన్ని మరిచిపోవడమే.

విడుదల రోజు కొన్నవాళ్లు ఎందుకు విసుక్కున్నారు?

పెట్టె తెరిచి టీవీకి పెడితే ముందు పెద్ద సిస్టమ్ అప్‌డేట్ దించుకోవాల్సి వచ్చింది. పాత గేములు ఆడే వీ మోడ్, నింటెండో ఈషాప్, స్నేహితులతో కలిపే మీవర్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. మామూలు ఇంటర్నెట్‌తో గంట దాటింది. మధ్యలో కరెంట్ పోయినా, స్విచ్ తీసేసినా యంత్రం పాడయ్యే ప్రమాదం ఉండేది. అది అయ్యాక కూడా మెనూ నుంచి సెట్టింగ్స్‌లోకి వెళ్లినా, గేమ్ మూసి మళ్లీ మెనూకి వచ్చినా చాలాసేపు నిరీక్షణ. 2013 ఏప్రిల్ అప్‌డేట్‌తో అది కొంత, తర్వాత ఇంకొంత బాగుపడింది. ప్యాడ్ నుంచే నేరుగా గేమ్ మొదలుపెట్టే వీలు 2014 జూన్‌లో వచ్చింది.

కొత్త యంత్రం గురించి ఇరుగుపొరుగుకి చెప్పేది మొదట కొన్నవాళ్లే. వాళ్ల మొదటి సాయంత్రం ఇలా గడిచింది.

విడుదలకి 20కి పైగా గేములు ఉన్నాయి కదా, కరువు అని ఎందుకంటారు?

ఆ గేముల్లో ఎక్కువ భాగం అప్పటికే వేరే కన్సోళ్లలో వచ్చినవి. బ్యాట్‌మన్ అర్కమ్ సిటీ ఏడాది పాతది. మాస్ ఎఫెక్ట్ 3 సంగతి ఇంకా విడ్డూరం: అదే నెలలో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360, కంప్యూటర్ వాళ్లకి, మరుసటి నెలలో పీఎస్3 వాళ్లకి మూడు భాగాలూ కలిపి ఒకే పెట్టెలో వచ్చాయి. వీ యూ వాళ్లు దాదాపు అదే ధరకి మూడో భాగం మాత్రమే కొనుక్కోవాలి. ఎవరు కొంటారు?

2013 తొలి సగంలో చెప్పుకోదగ్గవి మార్చిలో వచ్చిన లెగో సిటీ అండర్‌కవర్, మాన్‌స్టర్ హంటర్ 3 అల్టిమేట్. పిక్మిన్ 3 విడుదలకే వస్తుందని ఆశపడితే జులై, ఆగస్టు అయింది. సూపర్ మారియో 3డీ వరల్డ్ నవంబర్‌లో.

ఆలస్యానికి కారణం పని తెలియకపోవడం కాదు, పని కొలత మారడం. వీ దాకా నింటెండో 480 లైన్ల బొమ్మకి గేములు చేసేది. హెచ్‌డీకి వచ్చేసరికి ప్రతి పాత్రకి, ప్రతి గోడకి, ప్రతి వెలుగుకి చిత్రకారుల పని ఎంతో పెరిగింది. సోనీ, మైక్రోసాఫ్ట్‌ల కోసం గేములు చేసేవాళ్లు ఈ ఇబ్బంది 2005, 2006లోనే పడి నేర్చుకున్నారు. నింటెండో ఏడేళ్ల తర్వాత పడింది. ఎంతమంది కావాలో ముందుగా తక్కువ అంచనా వేశామని మారియో సృష్టికర్త షిగేరు మియామోటో 2013 వాటాదారుల సమావేశంలో ఒప్పుకున్నారు. అదే సమయంలో నింటెండో చేతి యంత్రం 3డీఎస్‌కి కూడా వాళ్లే గేములు చేయాలి. ఒకే వంటవాళ్లు రెండు పెళ్లిళ్లకి వండినట్టయింది.

ఇతర కంపెనీలు ఎందుకు వదిలేసి వెళ్లిపోయాయి?

ఇది చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు. కన్సోళ్లు తక్కువుంటే గేమ్ అమ్ముడవదు. గేములు లేకపోతే కన్సోల్ అమ్ముడవదు. మొదటి ఆరు నెలల్లో ఏ వైపు తిరిగితే తర్వాత అటే తిరుగుతుంది.

ఈఏ సంస్థ 2011 ఈ3 వేదిక మీదే నింటెండోతో మునుపెన్నడూ లేని భాగస్వామ్యం అని ప్రకటించింది. నాలుగు గేములు తెచ్చింది. 2013 మేలో, వీ యూకి తమ దగ్గర ఏ గేమూ తయారీలో లేదని చెప్పేసింది. యూబీసాఫ్ట్ రేమన్ లెజెండ్స్‌ని ఈ కన్సోల్‌కి మాత్రమే అని 2013 ఫిబ్రవరి 26కి ప్రకటించి, విడుదలకి మూడు వారాల ముందు వాయిదా వేసి, సెప్టెంబర్ నాటికి అన్ని కన్సోళ్లకీ ఇచ్చింది. ఆ గేమ్ కోసమే యంత్రం కొన్నవాళ్ల కోపం న్యాయమైనది. కానీ ప్రచురణకర్త వైపు నుంచి లెక్క వేయండి: 30 లక్షల వీ యూలు ఒక వైపు, పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 కలిపి 14 కోట్లకి పైగా ఇంకో వైపు.

యంత్రం శక్తి తక్కువా?

ఎవరితో పోలుస్తామన్నదాన్ని బట్టి. ఐబీఎం ప్రాసెసర్, మూడు కోర్లు, 1.24 గిగాహెర్ట్జ్. ఏఎండీ గ్రాఫిక్స్ చిప్ 550 మెగాహెర్ట్జ్. మెమరీ 2 జీబీ, అందులో 1 జీబీ సిస్టమ్‌కి, 1 జీబీ గేములకి. గ్రాఫిక్స్ చిప్, మెమరీ అప్పటి పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 కన్నా మెరుగు. ప్రాసెసర్ మాత్రం గేమ్‌క్యూబ్, వీల వంశానికి చెందినది. పాత వీ గేములు మార్పు లేకుండా ఆడటానికి అది ఎంచుకున్నారు. ఎక్స్‌బాక్స్ 360లో 3.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద నడిచేలా రాసిన గేమ్‌ని ఇక్కడికి తెస్తే, ఎక్కువమంది శత్రువులు ఒకేసారి వచ్చే చోట వేగం పడిపోయేది. బాగు చేయడానికి నెలలు పట్టేవి.

ఇక 2013 నవంబర్‌లో వచ్చిన పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో ఎనిమిది కోర్లు, 8 జీబీ మెమరీ, మామూలు కంప్యూటర్ తరహా నిర్మాణం. వాటికి రాసిన గేమ్ వీ యూలోకి ఎక్కదు. పాత తరం గేములు తేవడానికి కష్టం, కొత్త తరం గేములు తేవడానికి అసాధ్యం. రెంటికీ చెడ్డ రేవడి అయింది.

పీఎస్4 అంత బాగా ఎలా పోయింది మరి? అదీ వారసుడే కదా?

అవును, అందుకే ఈ పోలిక పనికొస్తుంది. పీఎస్3 అమెరికాలో 499, 599 డాలర్లకి వచ్చి మొదట్లో బాగా తిప్పలు పడింది. పీఎస్2 యజమానులు అలాగే ఉండిపోయారు. సోనీ ఆ దెబ్బ గుర్తుపెట్టుకుని పీఎస్4ని 399 డాలర్లకి తెచ్చింది. పోటీదారు ఎక్స్‌బాక్స్ వన్ 499. పీఎస్4 మన దేశంలో కూడా 2014 జనవరి 6న 39,990 రూపాయలకి అధికారికంగా అడుగు పెట్టింది. పేరు స్పష్టం, ధర స్పష్టం, గేములు చేసేవాళ్లకి పని సులువు. ఒక్క మాటలో చెప్పగలిగే యంత్రం.

ధర తగ్గిస్తే 3డీఎస్ తేరుకుంది. వీ యూ ఎందుకు తేరుకోలేదు?

3డీఎస్ 2011లో 249.99 డాలర్లకి వచ్చి చతికిలపడింది. ఐదు నెలలు కూడా తిరగకుండానే, ఆగస్టు 12న ధర 169.99కి దించారు. ముందుగా కొని మోసపోయామనుకునేవాళ్లకి 20 పాత గేములు ఉచితంగా ఇచ్చారు. ఆ నవంబర్‌లో సూపర్ మారియో 3డీ ల్యాండ్, డిసెంబర్‌లో మారియో కార్ట్ 7 వచ్చాయి. పెద్ద కోత, క్షమాపణ, గేములు, మూడూ నాలుగు నెలల లోపల. చివరికి 7.59 కోట్లు అమ్ముడైంది. అంతకుముందరి డీఎస్ 15.4 కోట్లు అమ్ముడైంది కాబట్టి సగమే, కానీ బతికింది.

వీ యూకి 2013 సెప్టెంబర్ 20న 50 డాలర్లు మాత్రమే తగ్గించారు, అదీ నల్ల పెట్టెకే. పది నెలలు ఆలస్యం. మారియో కార్ట్ 8 మరుసటి ఏడాది మే దాకా రాలేదు. పైగా చేత్తో పట్టుకునే గేమ్ యంత్రాల్లో 3డీఎస్‌కి గట్టి పోటీ లేదు. టీవీ కింద పీఎస్4 వచ్చి కూర్చుంది.

మారియో కార్ట్ 8 వచ్చాక మారలేదా?

మారింది, కానీ యంత్రాన్ని లేపేంత కాదు. ఆ గేమ్ 84.6 లక్షలు పోయింది, అంటే వీ యూ ఉన్న ప్రతి పది ఇళ్లలో ఆరింట్లో ఉంది. ఉన్నవాళ్లలో ఎక్కువమంది కొన్నారు, లేనివాళ్లు మాత్రం కన్సోల్‌తో కలిపి తగినంత మంది కొనలేదు. 2015, 2016 మార్చితో ముగిసిన రెండేళ్లలో కన్సోల్ అమ్మకం 33.8 లక్షలు, 32.6 లక్షలు. స్ప్లాటూన్ లాంటి పూర్తిగా కొత్త గేమ్ 49.5 లక్షలు పోయిందంటే ఉన్న యజమానులు ఎంత ఇష్టంగా ఆడారో అర్థమవుతుంది. వీ యూ గేముల నాణ్యతలో లోపం లేదు. ఆ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

కంపెనీకి ఎంత నష్టం వచ్చింది?

2014 మార్చితో ముగిసిన ఏడాదిలో నిర్వహణ నష్టం 4,640 కోట్ల యెన్లు. ఇవాటా ఐదు నెలలపాటు తన జీతం సగానికి తగ్గించుకున్నారు. మియామోటో సహా ఇద్దరు డైరెక్టర్లు 30 శాతం, మిగతా డైరెక్టర్లు 20 శాతం తగ్గించుకున్నారు. ఉద్యోగులని తీసేస్తే భయపడే మనుషుల చేత మంచి గేములు రావన్నది ఇవాటా నమ్మకం. ఆయన 2015 జులై 11న కన్నుమూశారు, వీ యూ తర్వాతి కన్సోల్ స్విచ్ విడుదల చూడలేదు.

స్విచ్‌లో ఏం సరిచేశారు?

పేరులో వీ లేదు. ప్యాడ్ పక్కనుండే పెట్టెని తీసేశారు, ప్యాడే యంత్రం అయింది. బయటికి తీసుకెళ్లొచ్చన్నది ప్రకటనలో మూడు సెకన్లలో తెలుస్తుంది. చేతి యంత్రానికి ఒక బృందం, టీవీ యంత్రానికి ఒక బృందం అనే చీలిక పోయింది. గేములన్నీ ఒకే యంత్రానికి. మొదటి ఏడాది వరస చూడండి: 2017 మార్చి 3న విడుదల రోజే జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, ఏప్రిల్‌లో మారియో కార్ట్ 8 డీలక్స్, జులైలో స్ప్లాటూన్ 2, అక్టోబర్‌లో సూపర్ మారియో ఒడిస్సీ. ధర 299.99 డాలర్లు. పది నెలలు నిండకుండానే 1.48 కోట్లు దాటి వీ యూ మొత్తం అమ్మకాన్ని మించిపోయింది. వీ యూలో 84.6 లక్షలు పోయిన మారియో కార్ట్ 8 స్విచ్‌లో 6 కోట్లు దాటింది. గేమ్ దాదాపు అదే.

దాని వారసుడికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు స్విచ్ 2 అన్నారు. 2025 జూన్ 5న వచ్చింది, నాలుగు రోజుల్లో 35 లక్షలు పోయింది.

రేపు ఏదైనా కొత్త కన్సోల్ వస్తే వెంటనే కొనాలా, ఆగాలా? ఏం చూడాలి?

విడుదల వారం అంకెలు చూడకండి, అవి అభిమానుల అంకెలు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఏమవుతుందో చూడండి. విడుదల జాబితాలో పాతవి తిరిగి తెచ్చినవి తీసేసి, ఈ యంత్రంలో మాత్రమే వచ్చేవి, తేదీ ప్రకటించినవి లెక్కపెట్టండి. "త్వరలో" అని ఉంటే లెక్కలోకి తీసుకోవద్దు. ధర చూసేటప్పుడు రెండో కంట్రోలర్, మెమరీ కార్డ్ లేదా డిస్క్, ఒక గేమ్, ఆన్‌లైన్ చందా కలిపి చూడండి. పాత యంత్రానికి అదే కంపెనీ ఇంకా పెద్ద గేములు ఇస్తూనే ఉంటే ఆరు నెలలు ఆగినా మీకు పోయేది లేదు.

అమెరికాలో ఉన్న బంధువులు పాత వీ యూ ఇస్తామంటున్నారు. ఇక్కడ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ ఇవి చూసుకోండి.

అమెరికా అడాప్టర్ మీద 120 వోల్టులు అని ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో పిన్ను మార్చి పెడితే కాలిపోతుంది. కన్సోల్ అడాప్టర్ బయటికి ఇచ్చేది 15 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 75 వాట్లు. ప్యాడ్ ఛార్జర్ వేరే ఉంటుంది, అదీ 120 వోల్టులదే. రెండూ కలిపి పెట్టడానికి 150 వాట్లు, అంతకు మించిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి.

డిస్కులకి ప్రాంతం కట్టుబాటు ఉంది. అమెరికా యంత్రంలో యూరప్, జపాన్ డిస్కులు ఆడవు. కాబట్టి గేములు కూడా అక్కడివే తెప్పించుకోండి.

ప్యాడ్ లేకుండా యంత్రం తీసుకోవద్దు. మొదటి సెటప్, సెట్టింగ్స్ దాంతోనే చేయాలి, ఇంకో ప్రాంతపు ప్యాడ్ జత కాదు. తెర మూలల్లో స్టైలస్ సరిగ్గా తాకుతోందో, బ్యాటరీ గంటైనా నిలబడుతోందో వాళ్లనే అక్కడ చూసి చెప్పమనండి.

ఏళ్లుగా బీరువాలో ఉన్న యంత్రాల్లో కొన్నింటికి లోపలి మెమరీ దెబ్బతిని 160-0103 అనే ఎర్రర్ వస్తుంది. తెచ్చేముందు ఒకసారి ఆన్ చేయించి మెనూ దాకా వస్తోందో లేదో చూడమనడం మంచిది.

ఈషాప్‌లో కొత్తగా కొనడం 2023 మార్చి 27తో, ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. కాబట్టి డిస్క్ ఉన్న గేములే లెక్క. పాత వీ డిస్కులు అందులోనే వీ మోడ్‌లో ఆడతాయి, గేమ్‌క్యూబ్ డిస్కులు ఆడవు. వీ రిమోట్లు మీ దగ్గర ఉంటే పారేయకండి, నింటెండో ల్యాండ్ ఐదుగురితో ఆడటానికి అవే కావాలి.